కంటికి ఆనేంత

2025 భౌతికశాస్త్ర నోబెల్ జాన్ క్లార్క్, మిషెల్ డెవొరె, జాన్ మార్టినిస్‌లకు వచ్చింది. పురస్కార వాక్యంలో ‘మాక్రోస్కోపిక్’ అన్న విశేషణం ఉంది. మనం ‘స్థూల’ అంటాం. సూక్ష్మదర్శిని అక్కర్లేకుండా కంటికి ఆనేది అని అర్థం చెప్పి ఊరుకుంటాం. అంతమాత్రం తెలిస్తే ఈ బహుమతి సగమే బోధపడుతుంది.

భౌతికశాస్త్రంలో స్థూలమంటే ముందుగా సమూహం. గ్లాసుడు నీళ్లకు ఉష్ణోగ్రత ఉంటుంది, అందులోని ఒక్క అణువుకు ఉండదు. 18 గ్రాముల నీటిలో సుమారు ఆరు వందల కోట్ల కోట్ల కోట్ల అణువులుంటాయి. ఒక్కో అణువు గమనాన్నీ పట్టుకోకుండానే ఆ నీళ్లు ఎప్పుడు మరుగుతాయో చెప్పగలుగుతున్నాం, అదీ విశేషం.

ఇక క్వాంటం సంగతి. గోడకు కొట్టిన బంతి వెనక్కే వస్తుంది. ఎలక్ట్రాన్ మాత్రం, దాటే శక్తి లేకున్నా, ఒక్కోసారి అడ్డంకికి అవతల తేలుతుంది. దీన్నే టన్నెలింగ్ అంటారు. కణాలు పెరిగేకొద్దీ ఇలాంటి చిత్రాలు మాసిపోతాయి. అయితే ఆ మాసిపోవడం పరిమాణం వల్లనేనా? 1980 నాటికే భౌతికశాస్త్రవేత్త ఆంథనీ లెగెట్ ఈ ప్రశ్నను గట్టిగా ముందుకు తెచ్చారు.

1984, 85లలో బర్క్‌లీలో ఈ ముగ్గురూ సెంటీమీటరు చిప్పు మీద అతివాహక సర్క్యూట్‌తో జవాబు వెతికారు. మధ్యలో పల్చని విద్యుద్బంధక పొర. కోట్లాది ఎలక్ట్రాన్ జంటలు కలిసి ఒకే కణంలా నడుచుకున్నాయి. వోల్టేజీ లేకుండా విద్యుత్తు పారే స్థితిలో చిక్కుకున్న సర్క్యూట్, టన్నెలింగ్‌తో అందులోంచి బయటపడింది. బయటపడినట్టు వోల్టేజీ పుట్టి చెప్పింది. మైక్రోవేవ్‌లు పంపితే నిర్దిష్టమైన మోతాదుల్లోనే శక్తిని పుచ్చుకుంది. ఇంతా చేసి కంటికి ఆనింది చిప్పే. టన్నెలింగ్‌ను ఎవరూ చూడలేదు, కొలిచారు.

ఈ ప్రయోగాన్ని అణిమ వంటి యోగసిద్ధులకు రుజువుగా చూపే వ్యాసాలను మాత్రం మా పత్రికలో వేసుకోం. ఆ చిప్పును పరమశూన్య ఉష్ణోగ్రతకు అతి చేరువగా చల్లబరిచి, బయటి అలజడి చొరబడకుండా కాపు కాస్తేనే ఆ జంటలన్నీ ఒక్కటిగా మెలిగాయి. వెచ్చని మనిషి ఒంట్లో కణాలు దేని దారి దానిదే.