ఇక మాట్లాడాల్సింది పార్లమెంటే
స్వలింగ వివాహాలకు చట్టబద్ధత నిరాకరించిన తీర్పుపై సమీక్ష పిటిషన్లను 2025 జనవరిలో సుప్రీంకోర్టు తోసిపుచ్చడంతో భారమంతా పార్లమెంటుపై పడింది. స్వలింగ జంటలు కలిసి జీవించే హక్కును మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2024 డిసెంబరులోనే సమర్థించింది. రేషన్ కార్డు, ఉమ్మడి బ్యాంకు ఖాతాలపై కేంద్రం సర్క్యులర్లూ ఇచ్చింది. అయితే సర్క్యులర్ వారసత్వాన్ని ఇవ్వదు, ఫ్యామిలీ పింఛను ఇప్పించదు. వకీలును పెట్టుకోగల నగరవాసుల సంగతి వేరు. మార్కాపురంలోనో గిద్దలూరులోనో కన్నవారే గడప దాటించిన జంటకు పోలీస్ స్టేషన్ మెట్లెక్కడమే సాహసం. స్వలింగ వివాహాలు వద్దని 2023లో నాటి రాష్ట్ర ప్రభుత్వం కేంద్రానికి చెప్పింది. అదే మాట మీద ఉన్నదీ లేనిదీ నేటి ప్రభుత్వం తేల్చాలి. 16 మంది లోక్‌సభ ఎంపీలతో కేంద్రానికి దన్నుగా ఉన్న తెలుగుదేశం, నిధుల కోసం పట్టుబట్టినట్టే, వివాహం పేరు పెట్టకపోయినా వారసత్వం, వైద్య సమ్మతి, పింఛను హక్కులిచ్చే బిల్లు కోసమూ పట్టుబట్టాలి. మార్కాపురం, గిద్దలూరు ఓట్లు పొందిన ఒంగోలు ఎంపీ ఈ బిల్లు ప్రస్తావనను లోక్‌సభలో ముందుగా లేవనెత్తవచ్చు.