రెండో ఆటలో నవ్వు

సినిమా బాగా లేదని తిట్టుకుంటూ యింటికి వచ్చేవాళ్లను మనం ఎరుగుదుం. బాగా లేదని ముందే తెలిసి, టిక్కెట్టు కొని, అర్ధరాత్రి దాకా మేలుకుని నవ్వి వచ్చేవాళ్లూ వున్నారు.

2003లో అమెరికాలో టామీ వైజో అనే ఆయన తానే రచించి, నిర్మించి, దర్శకత్వం వహించి, నాయకుడుగా నటించి 'ది రూమ్' అనే చిత్రం తీశాడు. తీసింది విషాదం. జనం మాత్రం పొట్ట చెక్కలయ్యేటట్టు నవ్వారు. అందులో వొక గదిలో, ఏ కారణమూ లేకుండా, చెంచా బొమ్మకు పటం కట్టి పెట్టారు. అది కనబడితే చాలు, అర్ధరాత్రి ఆటలో ప్రేక్షకులు తెర మీదికి ప్లాస్టిక్ చెంచాలు రువ్వుతారు!

సరిగా ఆ 2003లోనే మనకు 'పల్నాటి బ్రహ్మనాయుడు' వచ్చింది. నాయకుడు బాలకృష్ణ తొడ చరిస్తే రైలు వెనక్కి పోతుంది. అదే నాయకుడు, అదే దర్శకుడు బి. గోపాల్, 1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు' యిచ్చినప్పుడు హాళ్లు ఈలలతో మారుమోగాయి. మరి యిక్కడ నవ్వెందుకు వచ్చింది? కారం రుచిగా వుంది గదా అని కూరకు బదులు కారమే వడ్డించారు, అంతే.

యీ వడ్డనలో కర్నూలు, కడప జిల్లాల వంతు పెద్దది. తెర మీద కొండారెడ్డి బురుజు కనబడిందంటే దాని కింద వొక వేటకొడవలి వుండి తీరవలసిందే. రాయలసీమ అంటే గాలిలో పల్టీలు కొట్టే సుమోలు, బుట్టల్లో నాటుబాంబులు. కర్నూలులో రెండో ఆటకు పోయినవాడు యిది చూసి నవ్వితే, ఆ నవ్వులో వొక తీర్పు వుంది: "యిన్ని సుమోలు మా వూళ్లో ఎవరికున్నాయబ్బా!" అదే దృశ్యం చూసి దూరపు వూరివాడు నవ్వితే, "అక్కడివాళ్లు అంతేనటలే" అనుకుని లేచిపోతాడు. నవ్వు వొకటే. మొదటివాడు అబద్ధాన్ని చూసి నవ్వాడు. రెండోవాడు దాన్ని నమ్మి నవ్వాడు.

ముఠాకక్షలు లేవని కాదు. వాటిలో మనిషిని పోగొట్టుకున్న యింట్లో యీ దృశ్యాలకు ఎవరికీ నవ్వు రాదు. కాని కోసిగి, మంత్రాలయం వైపు వానలు మొగం చాటేసిన యేడు, యిళ్లకు తాళాలు వేసి, పిల్లలను బడి మాన్పించి, గుంటూరు మిరప చేలకు సుగ్గికి పోయే కుటుంబాలు ఎన్నో! ఆ కథకు సుమో అక్కర్లేదు, తొడ చరచడమూ అక్కర్లేదు. అందుకేనేమో అది తెర కెక్కడం అరుదు.

2022లో 'చెన్నకేశవరెడ్డి'ని యిరవై యేళ్ల తర్వాత మళ్లీ విడుదల చేశారు. పాత చిత్రాలు యిలా తిరిగి వస్తూనే వున్నాయి. వెళ్లండి, సుమో గాలిలోకి లేస్తే తనివితీరా నవ్వండి. మర్నాడు కర్నూలు మనిషి ఎవరైనా ఎదురైతే మాత్రం బాంబుల సంగతి అడగకండి. వానలు పడ్డాయా అని అడగండి.