చూడదగిన చోట్లు

దేశాటనము విద్యలో ఒక భాగమని పెద్దలు చెప్పుదురు. గ్రంథములలో చదివినదానిని కన్నులతో చూచినపుడే అది మనసున గట్టిగా నాటుకొనును. నేడు ప్రయాణసౌకర్యములు పెరిగినవి. కొందరు థాయిలాండు సముద్రతీరములకును, కంబోడియాలోని ఆంకోర్ దేవాలయములకును పోయి వచ్చుచున్నారు. పోలేనివారు ఆ దేశములలో తప్పక చూడవలసిన చోట్ల పట్టికలను చదివి సంతోషించుచున్నారు. ఇది తప్పు కాదు. కాని కరీంనగరు, ఆదిలాబాదు సీమలలో చూడదగినవి ఏవి అని అచ్చటి విద్యార్థినే అడిగినచో, అతడు ఒక జలపాతము పేరును, రెండు దేవాలయముల పేర్లును చెప్పి ఊరకుండును. దూరపు కొండలు నునుపు అను సామెత ఇట్టివారి విషయమున సత్యమగుచున్నది.

చూడదగిన చోటు అనగా నేమి? కంటికి ఇంపైనదెల్ల చూడదగినదే యని పలువురి తలంపు. అది సగము మాత్రమే నిజము. ఏ చోటును చూచినవాడు అంతకుముందు ఎరుగని విషయము నొకదానిని ఎరుగునో, దానిని చెడనీయక కాపాడవలెనను బుద్ధి ఏ చోట పుట్టునో, అదియే నిజముగా చూడదగిన చోటు. ఈ విధముగ చూచినచో, 2016లో పలు జిల్లాలుగా విడివడిన ఈ పాత రెండు జిల్లాలును మిగుల భాగ్యవంతములు.

ముందుగా అందరు ఎరిగిన కుంతాల జలపాతమునే తీసికొందురు గాక. ఆదిలాబాదు జిల్లా నేరడిగొండ మండలములో, అడవి నడుమ, కడెము నది సుమారు 150 అడుగుల ఎత్తునుండి బండలపై దుముకుచు క్రిందికి దిగును. ఆ పేరు శకుంతల పేరునుండి వచ్చినదని కొందరందురు. గోండు భాషలోని మాటనుండి వచ్చినదని మరికొందరందురు. మహాశివరాత్రినాడు అచ్చటి సోమేశ్వరుని కొలుచుటకు జనులు తండోపతండములుగా వత్తురు. ఇంత చక్కని చోట కొందరు యాత్రికులు చేయు పని యేమి? తిని పారవేసిన విస్తళ్లను, ప్లాస్టిక్ సీసాలను రాళ్లసందులలో వదలి పోవుదురు. హెచ్చరికలను లెక్కసేయక నీటిలో దిగి ప్రాణములు పోగొట్టుకొన్నవారును కలరు.

ఇట్టి అవివేకము ఒక్క ఈ సీమలోనే కాదు. థాయిలాండులో మాయా అఖాతమను అందమైన చోటు కలదు. ఒక చలనచిత్రమువలన దాని పేరు లోకమంతట ప్రాకెను. దినమునకు వేలకొలది జనులు రాగా, నీటి అడుగున నున్న పగడపు దిబ్బలు నశింపసాగెను. తుదకు ఆ ప్రభుత్వము 2018లో ఆ చోటును మూసివేసి, 2022లో కఠిన నియమములతో మరల తెరచెను. చూడవచ్చినవారే చూడదగినదానిని చెరచిరి. ఈ పాఠమును కుంతాలకు పోవువారు ముందే నేర్చుకొనుట మేలు.

కొన్ని చోట్లకు జనుల రద్దీవలన హాని కలుగుచుండగా, మరికొన్నింటికి జనులు రాకపోవుటయే హాని. కరీంనగరు జిల్లా గంగాధర మండలములోని కురిక్యాల చెంత బొమ్మలగుట్ట యున్నది. వేములవాడ చాళుక్యుల ఆస్థానమున వెలసి, కన్నడమున ఆదికవిగా కీర్తి గాంచిన పంపకవికి జినవల్లభుడను తమ్ముడుండెను. అతడు సుమారు 945వ సంవత్సరమున ఈ గుట్టపై జైన విగ్రహములను చెక్కించి, సంస్కృతము, కన్నడము, తెలుగు అను మూడు భాషలలో శాసనమును వ్రాయించెను. అందు మూడు తెలుగు కందపద్యములు కలవు. నన్నయ భారతమునకు సుమారు నూరేండ్లకు ముందే తెలుగున కందము చక్కగా నడచినదని ఆ బండ సాక్ష్యమిచ్చుచున్నది. తరగతిలో కందపద్యమునకు గణములు విభజించు విద్యార్థి ఒక్కసారియైనను ఆ బండ ముందు నిలువవలదా? కరీంనగరు చుట్టుపట్ల ఎన్నో గుట్టలు గ్రానైటు రాతికై తొలచబడినవి. ఒక గుట్ట విలువ ఎరిగిన జనులు తరచుగా వచ్చి పోవుచుండినచో, దానిపై గునపము వేయుటకు ఎవ్వరును సులభముగా సాహసింపరు.

చేజారిన పిదప విచారించి ఫలము లేదనుటకు కోటిలింగాలయే నిదర్శనము. నేటి జగిత్యాల జిల్లాలో గోదావరి యొడ్డున నున్న ఈ ఊర శాతవాహనుల నాణెములును, వానిలో ఆ వంశమునకు మూలపురుషుడైన సిముకుని పేరుగల నాణెములును లభించినవి. ఆ ప్రాచీన నగరపు నేలలో కొంతభాగము శ్రీపాద ఎల్లంపల్లి జలాశయపు నీటిలో మునిగినది. పొలములకు నీరు కావలసినదే. దానిని కాదనువారు లేరు. అయినను పూర్తిగా త్రవ్వి చూడని ఆ నేల ఏ చరిత్రను దాచుకొనియున్నదో చెప్పుట ఇక కష్టము.

ఇక కొన్ని చోట్ల చూడవలసినవి రాళ్లును నీళ్లును కావు, మనుష్యులు. ఇంద్రవెల్లి మండలములోని కేస్లాపూరులో పుష్య అమావాస్యనాడు నాగోబా జాతర మొదలగును. మెస్రం వంశపు గోండులు కాలినడకన గోదావరికి పోయి, జన్నారము ప్రాంతమున హస్తినమడుగునుండి పవిత్రజలమును తెచ్చి నాగోబాను అభిషేకింతురు. 1940లో జోడేఘాటు కొండలలో కుమురం భీము నేలకొరిగిన తరువాత, గోండుల కష్టములను తెలిసికొనుటకు హైమెన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు ఈ సీమకు వచ్చెను. జాతరలో అధికారులు ప్రజల మొరలను ఆలకించు దర్బారు ఆయన కాలముననే ఏర్పడినది. అట్టి చోటికి పోవువాడు వేడుక చూచువానివలె కాక, ఇంటికి వచ్చిన చుట్టమువలె మెలగవలెను. అనుమతి లేక పూజలయొద్ద ఛాయాచిత్రములు తీయుట, వారి వేషభాషలను చూచి నవ్వుట సంస్కారము గలవారి లక్షణములు కావు.

నిర్మల పట్టణములో నకాషీ పనివారు తేలికయైన పొనికి కఱ్ఱను చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి అతుకులు నింపి, రంగులు వేసి, పండ్లను, పక్షులను నిజమైనవే యనునట్లు చేయుదురు. పొనికి చెట్లు తరిగిపోవుట వారిని బాధించుచున్నది. ఆ బొమ్మను చేతికి తీసికొని మెచ్చుకొనువారు వేలమంది. తగిన వెల యిచ్చి కొనువారు కొందరే. బేరములో పది రూపాయలు తగ్గించితినని సంతోషించు యాత్రికుడు, ఆ పనివాని కుమారుడు ఆ విద్యను విడిచిపోవుటకు తానును కొంత కారకుడగుచున్నాడు.

ఈ చోట్లకు మంచి త్రోవలు లేవు, బసలు లేవు, కావున జనులు రారని కొందరు వాదింతురు. ఇందు కొంత సత్యము లేకపోలేదు. ప్రభుత్వము త్రోవలు వేయవలెను. శాసనములున్న చోట కంచె వేసి, వాని యర్థమును తెలుపు ఫలకములు నిలుపవలెను. కాని త్రోవలు మాత్రమే వేసి ఊరకున్నచో బొమ్మలగుట్టయు మరియొక కుంతాల యగును. త్రోవ కంటె ముందు యాత్రికునికి తెలివి రావలెను. అది పాఠశాలలోనే మొదలుకావలెను.

ఏటేట పాఠశాలలవారు విహారయాత్రలకు దూరపు నగరములకు పోవుచుందురు. వానిలో ఒక్కటి తమ జిల్లాలోని గుట్టకో, కోటకో, జాతరకో కేటాయింపవలెను. పోవుటకు ముందు ఆ చోటును గూర్చి చదువవలెను. వచ్చిన పిదప చూచినదానిని వ్రాయవలెను. వచ్చునపుడు తమ చెత్తను తామే సంచిలో వేసికొని తేవలెను. ఇట్లు చూచిన బాలుడు పెరిగి ఏ దేశమునకు పోయినను, అచ్చటి వారి చోట్లను సైతము తన ఊరి గుట్టవలెనే గౌరవించును.