పసికందు తలపై గడ్డ.. జాప్యమే ముప్పు

జగ్గయ్యపేట, నందిగామ: కాన్పు సమయంలో శిశువు తలపై ఏర్పడే వాపు సాధారణంగా కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. తగ్గకపోగా గట్టిపడి వారం వారం పెరిగితే ఉపేక్షించరాదు. అటువంటి గడ్డల్లో అత్యంత అరుదైనది మెలనోటిక్ న్యూరోఎక్టోడెర్మల్ ట్యూమర్.

1918లో తొలిసారి వైద్య గ్రంథాలకెక్కిన ఈ కణితి అత్యధికంగా ఏడాదిలోపు శిశువుల్లోనే కనిపిస్తుంది. పైదవడ ఎముక తర్వాత కపాలమే దీనికి ప్రధాన స్థావరం. మెలనిన్ వర్ణకం వల్ల నీలి నలుపు రంగులో ఉంటుంది. చాలావరకు క్యాన్సర్ కాకపోయినా ఎముకను తొలుస్తూ శరవేగంగా పెరుగుతుంది.

శస్త్రచికిత్సే ప్రధాన మార్గం. స్కానింగ్‌తో విస్తృతిని నిర్ధరించి, చుట్టూ ఉన్న ఎముకతో సహా కణితిని తొలగిస్తారు. మెదడు పైపొరకు అంటుకుంటే ఆ భాగాన్నీ తీసి అతుకు వేస్తారు. పసి శరీరంలో రక్తమే తక్కువ కనుక స్వల్ప రక్తస్రావమూ గండమే. కొంత మిగిలినా నెలల్లోనే తిరగబెట్టవచ్చు.

2022లో ఎన్టీఆర్ జిల్లాలో చేరిన ఈ మెట్ట ప్రాంత వాసులు ఇటువంటి చికిత్సకు విజయవాడకో, హైదరాబాద్‌కో వెళ్లక తప్పదు. ప్రయాణం గంటల్లో ముగుస్తుంది. గుర్తించడంలో జాప్యమే నెలలను హరిస్తుంది. 6, 10, 14 వారాల టీకాల వేళ శిశువు తలను ఒకసారి తడిమి చూస్తే ఆ జాప్యాన్ని నివారించవచ్చు.