తుపాకి యజమానిది, కేసు జీతగానిదా?

1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకికి దొడ్డి కొమురయ్య బలయ్యాడు. గడీలు కూలినయ్. లైసెన్సు తుపాకి ఉన్న ఇండ్లు నేటికీ ఉన్నాయి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలో పెద్దల ఇండ్లు ఊడ్చేదీ, పత్తి మోసేదీ మన కూలీలే. అక్కడ తుపాకిని ఎట్ల దాస్తున్నరన్నది మన ప్రాణాల సంగతి కూడా.

మంచం కింద పెడితే పిల్లల చేతికి చిక్కుతుంది. మందమైన ఇనుప పెట్టెలో పెట్టి, పెట్టెను గోడకు బోల్టులతో బిగించాలి. తూటాలకు వేరే పెట్టె, వేరే తాళం ఉండాలి. పలుచని రేకు బీరువా నిప్పుకు ఆగదు. పత్తి నిల్వ ఉన్న ఇల్లు అంటుకుంటే లోపలి తూటాలు వేడికే పేలతాయి. రెండు రేకుల నడుమ వేడిని ఆపే పదార్థం నింపిన పెట్టె కొనాలి. ఎన్ని నిమిషాలు మంటకు ఆగుతుందో రాసిన పత్రం అడగాలి.

తాళంచెవి యజమాని దగ్గరే ఉండాలి. "పందులొస్తున్నయ్, చేనుకాడికి తీస్కపోరా" అని జీతగాని చేతికిస్తే ఏమైతది? ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి పట్టుకున్నవానికి రెండు నుంచి అయిదేండ్ల జైలు. లైసెన్సు షరతు తప్పినవానికి ఆరు నెలల లోపు జైలో, రెండు వేల లోపు జరిమానాయో!

కూలన్నా, ఎవరు చెప్పినా ఆ తుపాకి ముట్టకు. లైసెన్సు తిరగరాసే ముందు అధికారులు ఇంటికొచ్చి పెట్టెను చూడాలె. ఇది మన డిమాండు.