లింగమయ్యకు మూడు రోజులు, సఫారీకి తొమ్మిది నెలలు

పాత మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో పరుచుకున్న అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు. అందులో ఫరహాబాద్ గేటు దాటి, సలేశ్వరం లోయ దిగి అక్కడి శివుడు లింగమయ్యను చూడాలంటే ఇప్పుడు మామూలు జనానికి చైత్ర పౌర్ణమి చుట్టూ జాతరకు దొరికేవి మూడు రోజులే. టికెట్ సఫారీ జీపులు మాత్రం వానాకాలం మూడు నెలలు పోను మిగతా కాలమంతా అడవిలో తిరుగుతాయి. జీపు మోతకు బెదరని పులి, మొక్కు తీర్చుకోను వచ్చిన ముసలవ్వ అడుగులకు బెదురుతుందా?

జాతరకు హద్దే వద్దని నేననను. ఆ ఇరుకు లోయలోకి వేలమంది ఒక్కసారి దిగితే తొక్కిసలాట భయం, దారిపొడుగునా ప్లాస్టిక్. ఎండు గడ్డిలో ఆర్పని బీడీ ముక్క ఒక్కటి పడ్డా చాలు. ఆ హద్దు గీసేదెవరన్నదే నా గొడవ.

1972 వన్యప్రాణి చట్టం 28వ సెక్షన్ చదవండి. అభయారణ్యంలోకి అనుమతి ఇవ్వదగిన పనుల్లో పరిశోధన ఉంది, ఫొటోలు తీసుకోవడం ఉంది, పర్యాటకం ఉంది. మొక్కు మాత్రం లేదు. ఇంత పట్టింపు ఉన్న అడవిలోనే 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం వెతుక్కోవచ్చని 2019 మేలో కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా తలూపింది. బోరు యంత్రాలకు తెరుచుకోబోయిన గేటది! ఈ నల్లమల అడవి జనం రోడ్డెక్కారు, సెప్టెంబరులో శాసనసభ వద్దని తీర్మానించింది. లేకుంటే ఏమయ్యేదో!

సలేశ్వరం లింగమయ్యకు పూజారులు చెంచులే. ఆ చెంచులకే, కోర్ ఏరియా వదిలి పోతే కుటుంబానికి 15 లక్షలిస్తామన్న ప్యాకేజీ. దానికి పెట్టిన పేరు 'స్వచ్ఛంద' తరలింపు. పులితో తరతరాలుగా బతికినవాడు దిగిపోవాలట, పులిని ఫొటో తీసేవాడు ఎక్కి రావాలట.

2006 అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్ సామూహిక అటవీ వనరుల్లోకి రాకపోకలను నియంత్రించే నిర్ణయాధికారాన్ని గ్రామసభకిచ్చింది. ఇది ఎవరో వేసే భిక్ష కాదు, పార్లమెంటు చేసిన చట్టం. కాబట్టి అటవీశాఖ పెద్దలారా, వచ్చే చైత్రానికి ముందే చెంచు గూడేలైన అప్పాపూర్, రాంపూర్ పెంటల్లో వాళ్లను కూర్చోబెట్టి అడగండి. జాతర ఎన్ని రోజులో, ఎంతమందిని వదలాలో, బండ్లు ఎక్కడ ఆగాలో వాళ్లే చెప్పాలి. సఫారీ టికెట్ల మీద వచ్చిన సొమ్ము లెక్క కూడా ఆ సభలోనే చదివి వినిపించండి.