కాలు నొప్పి అంటే ఏ కాలు, ఏ నొప్పి?



పాదాల నొప్పి గురించి ఇంగ్లండులో మాంచెస్టర్ వాళ్ళు 2000లో ఒక ప్రశ్నావళి చేసినారు. 19 వాక్యాలు. ఒక్కోదానికి ఎప్పుడూ లేదు, కొన్ని రోజులు, చాలా రోజులు అని జవాబు చెప్పాల. 2013లో ఆస్ట్రేలియా పరిశోధకులు దాన్ని గ్రీకులోకి తెచ్చినారు. రెండు భాషలూ వచ్చినవాళ్ళు గ్రీకులో రాసి, దాన్ని మళ్ళీ ఇంగ్లీషులోకి తిప్పి, అర్థం చెడిందా అని చూసినారు. తర్వాత గ్రీకు మాట్లాడే 104 మంది పెద్దవాళ్ళను అడిగినారు. కాలు నొప్పికి ఇంత పనా అనిపిస్తుంది. మన ఇళ్ళలో మాట్లాడే తెలుగును గమనిస్తే ఎందుకో తెలుస్తుంది.

మెల్‌బోర్న్ గ్రీకులు ఊరు వదిలి పోయినవాళ్ళు. మనం ఎక్కడికీ పోలేదు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది, అంతే. తర్వాత మాలో చాలామందికి బడి తమిళమే. తెలుగులో ఏడుస్తాము, నవ్వుతాము, తెలుగు ఫారం ఇస్తే చదవలేము. హైదరాబాదులో అచ్చు వేసిన ఫారం తిరువళ్ళూరులో ఎవరికి పనికొస్తుంది?

మాట తెలిసినా చిక్కే. మనకు తొడ నుంచి వేళ్ళ దాకా అంతా కాలే. పాదం అంటే స్వామి పాదం, పెద్దల పాదం. మడమ అంటే మన ముసలమ్మలు ఒక్క క్షణం ఆలోచిస్తారు, గుదికాలు అంటే వెంటనే చెయ్యి పెట్టి చూపిస్తారు. నొప్పి కూడా ఒకటి కాదు. పోటు, సలుపు, మంట, తీపులు అన్నీ వేరే వేరే. కాలు తిమ్మిరి పట్టింది అంటే తమిళ నర్సమ్మ చెవికి తిమిరు, అంటే పొగరు, అని పడుతుంది. నవ్వు వస్తుంది గానీ, చక్కెర జబ్బు ఉన్నవాళ్ళకు అది చిన్న సంగతి కాదు. మొద్దుబారిన కాలికి నొప్పి ఉండదు. నొప్పి లేదని రాసి పంపేస్తే, ముల్లు గుచ్చుకున్నా తెలియని కాలితో ఆ మనిషి ఇంటికి పోతుంది. నొప్పి ఫారంతో పాటు ఆ మాట వేరేగా అడగాల్సిందే.

ఎక్కువ దూరం నడవడం మానుకుంటున్నారా అని అడిగితే మన అమ్మలు లేదనే చెప్తారు. ఆడికృత్తికకు మొక్కు ఉంటే 365 మెట్లూ ఎక్కుతారు, రాత్రి వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకుంటారు. ఆ 19లోనే ఇంకో వాక్యం ఉంది: పనులన్నీ చేసుకుంటాను, కానీ నొప్పి ఎక్కువగా ఉంటుంది అని. మనవాళ్ళ నిజం అక్కడ బయటపడుతుంది. ఆ వాక్యం సరిగ్గా పలకకపోతే డాక్టరుకు ఏమీ తెలియదు.

సంఘం వైద్య శిబిరం పెట్టేటప్పుడు మేము కోరేది ఇదీ. ప్రశ్నలు నోటితో అడగాల. ఒకరు మన తెలుగులో చెప్పాల, అసలు ఫారం చూడని ఇంకొకరు దాన్ని తిరిగి తమిళంలో చెప్పాల, డాక్టరు రెండూ పోల్చి చూడాల. ముందుగా పదిమంది ముసలివాళ్ళను, ఈ ప్రశ్న మీకేమి అర్థమైంది అని అడగాల. పదిమందితో ప్రశ్నావళి రుజువు కాదు, దానికి వైద్య కళాశాల వాళ్ళు, వందమంది దాకా మనుషులు కావాల. ఆ పదిమందిని పిలుచుకొచ్చే పని మాత్రం మనదే. తిరుత్తణి వైపు ఎవరు చూసుకుంటారో చెప్పండి.